దినచర్య తెలిసినవాడు

మా సార్ దినచర్య నాకు కంఠతా వచ్చు. నా కొంప ముంచింది అదే.

పొద్దున ఐదూ నలభైకి వెనక గది కిటికీ తెరుచుకుంటుంది. ఐదూ యాభైకి ఆయన వరండాలోకి వచ్చి ముందు గేటు గొళ్లెం వంక చూస్తాడు, తర్వాతే ఆకాశం వంక. ఆరింటికి చక్కెర లేని కాఫీ. ఆరూ పదికి నడక; ప్రహరీ లోపలే, పద్నాలుగు చుట్లు, ఎప్పుడూ కుడివైపుకే. తొమ్మిదీ ఇరవైకి కారు. ఒంటిగంటకు టిఫిన్ డబ్బా విప్పి పావుగంటలో మూత పెట్టేస్తాడు. సాయంత్రం ఆరున్నరకు మళ్లీ ఇల్లు. ఇవన్నీ పదకొండేళ్లుగా నా చేత్తో రిజిస్టరులో రాస్తున్నాను. సోమవారం ఏ చొక్కా తొడుక్కుంటాడో ఆయన భార్యకన్నా నాకే ముందు తెలుసు. ఆఫీసులో ఆయన్ని చాటుగా గడియారం అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. ఎవడూ ఒప్పుకోడు, అది వేరే సంగతి.

ఆయన మాజీ సైనికుల సంక్షేమ, భద్రతా వ్యవహారాల శాఖకు డైరెక్టరు. నేను ఆయన గన్‌మన్‌ని. అంతకుముందు పదహారేళ్లు సైన్యంలో ఉన్నాను. మోకాలు పోయాక ఒక కాగితం చేతిలో పెట్టి ఇంటికి పొమ్మన్నారు.

నా భార్య నర్సు. నాలుగేళ్ల కిందట ఆమెను వేరే ఊరి ఆస్పత్రికి బదిలీ చేశారు. బస్సులో ఆరు గంటల దూరం. కూతుర్ని వెంట తీసుకుపోయింది. రెండు నెలలకు రెండు రోజులు నాకు సెలవు. అందులో ఒక రోజు బస్సుకే సరి. ఆ మిగిలిన రోజు ఇంట్లో చుట్టంలా కూర్చుంటాను. నా చెంబేదో, నా తువ్వాలేదో అడిగి తెలుసుకోవాలి.

అలాంటి నాకు ఆ నెల రెండో తేదీన ఒక కవరు వచ్చింది. నా భార్య ఉండే ఊళ్లోనే నీళ్ల సరఫరా కేంద్రానికి కాపలా సూపర్‌వైజరు కావాలి. మాజీ సైనికులకే కేటాయించిన ఉద్యోగం. జాబితాలో మొదటి పేరు నాదే. ముప్పయ్యో తేదీ సాయంత్రం ఐదింటిలోపు, పాత చోటి నుంచి విడుదల చేసిన కాగితంతో వచ్చి చేరాలి. లేకపోతే రెండో పేరువాడికి పోతుంది. యాభై దాటినవాళ్లకు ఇవ్వరు. నాకు నలభై తొమ్మిదీ ఎనిమిది నెలలు.

ఆ కవరు పట్టుకుని వరండాలో నిలబడ్డాను. సార్ ఏడో చుట్టులో ఉన్నాడు. ఆపితే మర్యాద కాదు. పద్నాలుగూ అయ్యేదాకా ఆగి ఇచ్చాను.

రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మూడోసారి చదివాడు.

"నీకిది రావలసిందే. ఎప్పుడో రావలసింది," అన్నాడు.

"విడుదల కాగితం మీరివ్వాలి సార్."

"పందొమ్మిదో రూలు ఉంది కదయ్యా."

పందొమ్మిదో రూలు నాకూ తెలుసు. రక్షణ పొందుతున్న మనిషి దినచర్య తెలిసినవాణ్ణి, ఆ రక్షణ సాగుతున్నన్నాళ్లూ వేరే ఉద్యోగానికి వదలకూడదు. తొమ్మిదేళ్ల కిందట ఎక్కడో ఒక డ్రైవరు తన దొర ఎప్పుడు ఎటు పోతాడో బయటివాళ్లకు చెప్పేశాడట. ఆ దెబ్బతో ఈ రూలు పుట్టింది.

"మీరు రాసిందే కదా సార్. మీరే కొట్టేయొచ్చు."

"రాసినవాడు తనకు వర్తించే రూలును తాను మార్చకూడదు. ఇరవయ్యో రూలు."

"అది ఎవరు రాశారు సార్?"

ఆయన మళ్లీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వంటింట్లోంచి అమ్మగారి గొంతు వినిపించింది. "ఇంకెవరు తమ్ముడూ, మా ఆయనే. ఈ ఇంట్లో ఉప్పు డబ్బా ఏ అరలో ఉండాలో కూడా రూలుంది. అది ఎన్నో నంబరో నాకు గుర్తులేదు."

ఆయన్ని తిట్టుకోవాలంటే నాకు నోరు రాదు. ఎందుకో చెప్పాలి.

పదిహేనేళ్ల కిందట నేను మోకాలి కట్టుతో మొదటిసారి ఆ ఆఫీసుకు పోయినప్పుడు భద్రతా వ్యవహారాలు అనే మాట బోర్డు మీద లేదు. మాజీ సైనికుల సంక్షేమం, అంతే. ఆయన సైన్యంలో కెప్టెనుగా చేసి వచ్చినవాడు. అప్పటికి ఒక చిన్న అధికారి. ఆయన గది రెండో అంతస్తులో ఉండాలి. కానీ కాలు లేనివాళ్లు మెట్లెలా ఎక్కుతారని బల్లను కిందికి దింపించి, సైకిళ్ల స్టాండు పక్కన రేకుల కింద వేయించుకున్నాడు. వానొస్తే ఫైళ్ల మీద తన రెయిన్‌కోటు కప్పేవాడు. గుమస్తాలు లోలోపల తిట్టుకుంటూ దిగివచ్చేవాళ్లు. నా కాగితాలు ఏడు నెలలుగా ఒక సొరుగులో పడున్నాయని తెలిసి, ఆ సొరుగునే ఊడబెరికి కిందికి మోసుకొచ్చాడు. నా పింఛను ఆ వారమే మంజూరైంది. నాలాంటివాళ్లకు ఆ రేకుల షెడ్డు దేవుడి గది కన్నా ఎక్కువ.

మంచిగా పనిచేస్తే మన దగ్గర ఏం చేస్తారు, పైకి తోస్తారు. ఆయన్నీ తోశారు. ప్రభుత్వం రెండు శాఖలను కలిపేసింది. కాపలా ఉద్యోగాలన్నీ మాజీ సైనికులవే కదా, రెండూ ఒకటే గొడుగు కింద ఉంటే పోలా అన్నారు. బోర్డు మార్చారు. ఆయన్ని డైరెక్టరును చేసి మూడో అంతస్తులో, లోపలి నుంచి మీట నొక్కితే తప్ప తెరుచుకోని తలుపు వెనక కూర్చోబెట్టారు. సైకిళ్ల స్టాండు దగ్గర తనిఖీ యంత్రం పెట్టారు. కర్రకాలు పెట్టుకున్నవాడు ఆ కాలు ఊడదీసి యంత్రంలో పెట్టి, ఒంటికాలి మీద గెంతుతూ అవతలికి పోయి తీసుకోవాలి. ఆ ఉత్తర్వు మీద సంతకం సార్‌దే. ఆయన ఏ పని ఇచ్చినా మనసు పెట్టి చేసే రకం. భద్రత చూడమన్నారు. ఒక్క కన్నం కూడా వదలకుండా రెండు వందల పేజీల నియమావళి రాశాడు. రాసి, చివరి కన్నం కూడా పూడ్చేశాక చూసుకుంటే తాను లోపల ఉన్నాడు.

ఎలాగంటే, ఆయన డైరెక్టరైన కొత్తల్లో ఒక ఉత్తరం వచ్చింది. "నా పింఛను ఆపినవాడి అంతు చూస్తాను." కింద సంతకం లేదు. సార్ ఆ వంకర అక్షరాలు చూడగానే గుర్తుపట్టాడు. ముప్పై అర్జీలు రాసిన ఒక సైన్యపు వంటమనిషివి అవి. మంజూరు కాగితం తయారు చేయించి ఆ పెద్దాయన ఇంటికే పంపించాడు. పెద్దాయన చేతులు జోడించి, "కోపంలో ఏదో గీకాను, మనసులో పెట్టుకోవద్దని చెప్పండి," అని కబురు కూడా పెట్టాడు.

కానీ ఉత్తరం అప్పటికే నమోదైపోయింది. రక్షణ కమిటీ కూర్చుంది. గేటు దగ్గర గది, ఇద్దరు గన్‌మన్లు మంజూరు చేసింది. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి. నన్ను ఏరికోరి తీసుకున్నది సారే. అప్పుడు ఎంత పొంగిపోయానో తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

రక్షణ వద్దని ఆయన ఆ ఏడాదే అర్జీ పెట్టుకున్నాడు. బెదిరించినవాడు స్వయంగా వచ్చి, బెదిరింపు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిస్తే తప్ప కుదరదన్నారు. ఆ లోపల పెద్దాయన పోయాడు. కమిటీలో ఒక సూపరింటెండెంటు ఉన్నాడు. ఎప్పుడూ దూదిలో చుట్టినట్టు మాట్లాడతాడని మెత్తనాయన అంటాం. ఆయన చెప్పాడట, "చనిపోయిన మనిషి వెనక్కి తీసుకోలేడు కదండీ. కాబట్టి ఆ బెదిరింపు శాశ్వతంగా అమల్లో ఉన్నట్టు భావించాలి." సార్‌కు రిటైర్మెంటు ఇంకా మూడేళ్లుంది. ఆ తర్వాత ఇంకో అయిదేళ్లు రక్షణ కొనసాగుతుంది. అంటే, నేను యాభై ఏడేళ్లు వచ్చేదాకా ఆ గేటు గదిలో పడుండాలి.

చెప్పాపెట్టకుండా పోవచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. అలా పోతే పారిపోయినట్టు రాస్తారు. సైన్యం పింఛను కూడా ఆగిపోతుంది.

ఆ సాయంత్రం భార్యకు ఫోన్ చేశాను.

"ఈసారైనా వస్తున్నట్టా, లేకపోతే ఎప్పటిలాగే చూద్దామా?" అంది.

"చూద్దాం."

"అదే అనుకున్నా. ఇక్కడ పక్కింటావిడ మీ ఆయన ఏ దేశంలో ఉంటాడమ్మా అని అడుగుతోంది. గేటు దేశంలో అన్నాను. ఎక్కడుందో తెలీక ఊరుకుంది."

"మీ ఊళ్లోనే ఉద్యోగమే. మొదటి పేరు నాదే."

"పేరు నీదేలే. మనిషివి మాత్రం వాళ్ల మనిషివి. నిన్న రాత్రి డ్యూటీ చేసొచ్చా. పిల్లకు జ్వరం. ఒక్కదాన్నే ఎటు పరిగెత్తను, చెప్పు. నేను కూడా అర్జీ పెట్టుకోనా మీ సార్‌కు, మొగుణ్ణి విడుదల చేయించమని?" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఫోన్లో తెలియలేదు.

దారి చూపించింది అమ్మగారు. మర్నాడు కాఫీ ఇస్తూ మామూలుగా అంది, "దినచర్య తెలిసినవాణ్ణి కదండీ వదలకూడదు. అసలు దినచర్యే లేకపోతే?"

ఎగతాళికే అంది. సార్ మాత్రం కప్పు అక్కడే పెట్టేసి లోపలికి పోయి నియమావళి పట్టుకొచ్చాడు. వేలితో వరస వెంట గీస్తూ చదివాడు. "దినచర్య అనగా వరుసగా ఇరవై ఒక్క రోజులు మార్పు లేకుండా సాగిన అలవాట్లు." పైకి చూశాడు. ఆ ముఖంలో రేకుల షెడ్డు నాటి మనిషి ఒక్క క్షణం కనిపించాడు.

"ఇరవై ఒక్క రోజులు నేను పాత పని ఏదీ పాత వేళకు చేయకపోతే, నీకు తెలిసింది దినచర్య కాదు. ఏ రెండు రోజులూ ఒకేలా లేకపోతే కొత్తది పుట్టదు. ఇవాళ మూడు. ఇరవై మూడుకు సరిపోతుంది. ఇరవై నాలుగున ఫైలు పెడదాం."

"ఉప్పు డబ్బా కూడా జరపనా?" అంది అమ్మగారు.

"జరుపు," అన్నాడాయన, గుండె రాయి చేసుకుని.

ఆ ఇరవై ఒక్క రోజులూ నేను మరచిపోను. మొదటి రోజు ఎడమవైపుకు నడిచాడు. నాలుగో చుట్టుకు కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాడు. రెండో రోజు నడకే లేదు. మధ్యాహ్నం రెండింటికి ఎండలో గొడుగేసుకుని తిరిగాడు. కాఫీలో మూడు చెంచాల చక్కెర వేయించుకుని మందులా మింగాడు. ఒక రోజు ఏడింటికే ఆఫీసుకు పోతే స్వీపరు లోపలికి రానివ్వలేదు. ఒక రోజు పన్నెండుకు పోయాడు. ముందు గదిలో నేల మీద పడుకున్నాడు. ఎరుపు గళ్ల చొక్కా ఒకటి కొనుక్కుని తొడుక్కుంటే నా జోడీ గన్‌మన్ గుర్తుపట్టక గేటు దగ్గర ఆపాడు.

"ముప్పై ఏళ్ల కాపురంలో ఈయన ఏ గదిలో ఉన్నాడో తెలీక కేకేయడం ఇదే మొదటిసారి తమ్ముడూ," అంది అమ్మగారు. "కొత్త పెళ్లికొడుకొచ్చినట్టుంది. రెండు రోజులు సరదాగానే ఉంది. ఇప్పుడు నాకే ఆయాసమొస్తోంది."

పదమూడో రోజున ఆయన మూడో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దిగాడు. నేను నాలుగడుగుల వెనక. తనిఖీ యంత్రం దాటి సైకిళ్ల స్టాండులోకి పోయి, అర్జీలు పట్టుకుని కూర్చున్నవాళ్ల మధ్య బెంచీ మీద కూర్చున్నాడు. రెండు గంటలసేపు. ఒక ముసలాయన ఆయనెవరో తెలియక, "ఏం బాబూ, నీ కాగితం ఎన్నేళ్ల నుంచి తిరుగుతోంది?" అని అడిగాడు.

"పదకొండేళ్ల నుంచండీ," అన్నాడు సార్.

"ఇంకేం, దగ్గరికొచ్చేశావు. నాది పదమూడు."

సార్ నవ్వాడు. ఆయన పళ్లు నేను చూసింది అప్పుడే.

అవన్నీ నేను రాశాను. రాయక తప్పదు, తప్పు రాస్తే సస్పెండు. కానీ తప్పక రాయడం వేరు, నేను రాసిన తీరు వేరు. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. అయినా ఆ మూడు వారాలూ ముత్యాల్లా రాశాను. ఏ రోజు ఏ అలవాటు తప్పించాడో, ఎన్ని నిమిషాలు తేడా వచ్చిందో, ఎరుపు గళ్లతో సహా. ప్రతి వరసా నాకు విడుదల కాగితంలా కనిపించింది. సార్ కూడా రోజూ చూసి, "చక్కెర మూడు చెంచాలని రాశావా? అది ముఖ్యం," అనేవాడు. ఆ నియమావళిని ఒకడు రాశాడు, ఒకడు పదకొండేళ్లు మోశాడు. ఇద్దరికి ఇద్దరమూ అందులో ఒక పేజీ మరచిపోయాం.

ఇరవై నాలుగున ఫైలు పెట్టాం. ఇరవై అయిదున మెత్తనాయన ఇంటికే వచ్చాడు. వెంట ఇద్దరు. అమ్మగారు కుర్చీలు వేసింది. మెత్తనాయన కూర్చోలేదు. రిజిస్టరు చంకలో పెట్టుకుని, సార్ ముందు బల్లకు అవతల నిలబడి చాలా మెల్లగా అన్నాడు, "రిజిస్టరు చదివానండి. మొదటి పేజీకే చెమటలు పట్టాయి."

"ఎందుకు?"

"అలవాట్లు హఠాత్తుగా మారడం, తెలియనివాళ్లతో కలవడం, వేషం మార్చడం. నలభై నాలుగో పేజీ, సార్. ఎవరి ఒత్తిడిలోనో ఉన్న మనిషి లక్షణాలు. మీరు రాసినవే."

గుమ్మంలో నిలబడ్డ నాకు అప్పుడు గుర్తొచ్చింది. నలభై నాలుగో పేజీ. ఏటా రెండు రోజులు శిక్షణ ఇచ్చి మా చేత వల్లె వేయిస్తారు.

"ఎవరూ లేరయ్యా," అన్నాడు సార్. "నేనే కావాలని చేశాను. ఈ గన్‌మన్‌ను వదలడానికి."

మెత్తనాయన నా వంక ఒకసారి చూశాడు. దొంగను చూసినట్టు. మళ్లీ సార్ వైపు వంగి, ఇంకా మెత్తగా, "నోటితో చెప్పలేకపోతే చెప్పకండి సార్. సంకేతం ఉంది కదా. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టండి చాలు," అన్నాడు.

"నీకు పుణ్యముంటుంది, నా మాట వినవయ్యా బాబూ," అంటూ సార్ విసుగుతో కళ్లజోడు తీసి బల్ల మీద పడేసి, రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు.

మెత్తనాయన ఆ కళ్లజోడు వంక చూశాడు. తల పంకించాడు. వెంట వచ్చిన ఇద్దరిలో ఒకడు అప్పటికే ఫోన్ తీశాడు.

"అయ్యో, అది కాదండీ, ఆయనకు అలవాటే," అంది అమ్మగారు.

"పాత అలవాట్లేవీ ఇప్పుడు లేవు కదమ్మా," అన్నాడు మెత్తనాయన, ఎంతో దయగా. "రిజిస్టరులో ఉంది."

ఇరవై ఏడున ఉత్తర్వులొచ్చాయి. రక్షణ ఒక మెట్టు పెంచారు. ఇద్దరు గన్‌మన్లు ఆరుగురయ్యారు. ప్రహరీ మీద ముళ్లకంచె వేశారు. నడక బంద్. నా విడుదల అర్జీ మీద రెండు వరసలు రాశారు. దినచర్య మారిన క్రమం మొత్తం తెలిసిన ఏకైక వ్యక్తి అయినందున వదలడం కుదరదు. అనుభవం దృష్ట్యా ఆరుగురికీ ఇన్‌చార్జిగా నియమించడమైనది. జీతం పెంచారు కూడా. ఇంతకన్నా చెప్పుతో కొట్టినా బాగుండేది.

సార్ రెండు రోజులు ముఖం చాటేశాడు. ఇరవై తొమ్మిదిన నన్ను పిలిచాడు.

"రేపు మీ ఆవిడ ఉండే ఊరికి తనిఖీ పెట్టుకున్నాను. అక్కడి మాజీ సైనికుల విశ్రాంతి గృహం. నువ్వూ వస్తావు, రాక తప్పదు కదా. ఐదింటిలోపు నీళ్ల కేంద్రం వాళ్లతో నేను మాట్లాడతాను. ముందు మీ ఇంటికి వెళ్లి ఆమెకు క్షమాపణ చెప్పుకోవాలి."

"వద్దు సార్."

"నీ కోసం కాదయ్యా," అన్నాడు. "పదకొండేళ్లుగా ఏ ఒక్కరి ఇంటికీ పోలేదు నేను."

మూడు బండ్లలో వెళ్లాం. విశ్రాంతి గృహంలో గంట. అక్కడి నుంచి సార్ నీళ్ల కేంద్రం ఇంజనీరుకు ఫోన్ చేశాడు. ఆ ఇంజనీరు మర్యాదగానే మాట్లాడాడు. విడుదల కాగితం ఉంటే ఐదు దాకా ఎదురు చూస్తానన్నాడు. లేకపోతే రెండో పేరు మనిషి బయట బెంచీ మీదే కూర్చుని ఉన్నాడట, పొద్దుటి నుంచి.

నాలుగూ పదికి మా ఇంటి ముందు ఆగాం. మా ఇల్లంటే ఆస్పత్రి వెనక సందులో రెండు గదుల వాటా. ఆరుగురం దిగి సందు రెండు చివరలా, మేడ మెట్ల దగ్గరా సర్దుకున్నాం. ఇన్‌చార్జిని కాబట్టి గుమ్మం నాది. రూలు ప్రకారం గుమ్మానికి బయట, వీపు ఇంటికి, ముఖం వీధికి. తలుపు తీసింది నా కూతురు.

"నాన్నా," అంది. గొంతు మారింది. పోయినసారికన్నా పొడుగైంది. "రా లోపలికి."

"సార్ లోపలికి వెళ్తారమ్మా. నేను ఇక్కడే."

"ఇది మనిల్లే కదా. నువ్వు రాకూడదా?"

"డ్యూటీలో ఉన్నాను."

వాళ్లమ్మ ఆ పిల్లను లోపలికి లాక్కుంది. సార్ నా పక్క నుంచి తల వంచుకుని లోపలికి పోయాడు. కిటికీ తెరిచే ఉంది. వీపుతోనే అంతా విన్నాను.

"కూర్చోండి సార్. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇది తీసుకోండి."

"నేను మీకు అన్యాయం చేశానమ్మా. కావాలని కాదు."

"కావాలని ఎవరు చేస్తారులెండి. ఆస్పత్రిలో సూది తప్పు పొడిచినవాళ్లు కూడా అదే అంటారు. వాపు మాత్రం వస్తుంది."

లోపల గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"మీ మీద నాకు కోపం లేదు సార్," అంది నా భార్య. "ఒకప్పుడు మీరే మాకు అన్నం పెట్టారు. ఆయన ఆ మాట వెయ్యిసార్లు చెప్పాడు. ఒక్కటి అడుగుతాను. ఆయన్ని ఒక్క అయిదు నిమిషాలు లోపలికి పంపించండి. ఆయన ఇంట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో ఈ పిల్ల మరిచిపోయింది."

కుర్చీ జరిగిన చప్పుడు. సార్ బయటికి వచ్చాడు. "నేనిక్కడ నిలబడతాను. నువ్వు వెళ్లు," అన్నాడు.

"మీరు బయట ఉంటే నేను మీకు నాలుగడుగుల్లో ఉండాలి సార్."

"లోపల ఉంటే?"

"గుమ్మం బయట."

ఆయన ఆలోచించాడు. ఆ రెండు వందల పేజీలూ ఆయన కళ్ల వెనక తిరగడం నాకు కనిపించింది. సందు చివర నా ఆరుగురిలో కొత్తగా వచ్చినవాడు మమ్మల్నే చూస్తున్నాడు. వాడు ప్రతిదీ రాస్తాడు, నాకన్నా బాగా రాస్తాడు. ఆయన నాకు చోటివ్వడానికి ఎదురింటి అరుగు వైపు జరిగాడు. నేను ఆయన వెంట నాలుగడుగుల్లో జరిగాను. అలా మా ఇంటికి ఇంకాస్త దూరమయ్యాను. అది చూసి ఆయనే మళ్లీ మా గుమ్మంలోకి, ఆ గుమ్మంలోంచి లోపలికి వెళ్లిపోయాడు. తన వల్ల అయింది అంతేనన్నట్టు.

నాలుగూ యాభైకి నా భార్య మంచినీళ్ల గ్లాసు పట్టుకుని బయటికి వచ్చింది. నర్సు బట్టల్లోనే ఉంది, సాయంత్రం డ్యూటీకి పోవాలి. నా పక్కనే, భుజానికి భుజం ఆనేంత దగ్గరగా, తానూ వీధి వైపు తిరిగి నిలబడింది.

"ఇలాగేనా రోజూ?" అంది.

"ఇలాగే."

"ఏముంది ఈ వీధిలో చూడ్డానికి?"

"ఏమీ లేదు."

నీళ్లు తాగాను. ఐదయ్యే దాకా అలాగే నిలబడ్డాం. నీళ్ల కేంద్రంలో బెంచీ మీద నుంచి ఒకడు లేచి లోపలికి పోయి ఉంటాడు. వాడికీ పెళ్లాం పిల్లలుంటారు. వాడి మీద ఏడవడానికి లేదు. అయినా ఏడ్చాను, లోపలే.

"పోనీలే," అంది, చేతి గడియారం చూసుకుని. "నేను ఆరింటికి డ్యూటీ ఎక్కాలి. ఒక పూట మార్చుకోమని అడగొచ్చు, మీరంతా ఉంటారంటే. ఎన్నింటికి బయల్దేరతారు?"

నాకు తెలుసు. ఆరూ పది, ఉత్తరం దారి. నేనే వేశాను ఆ పట్టిక. నోరు తెరిచాను.

"అది చెప్పకూడదు," అన్నాను.

అన్నాక గానీ ఏమన్నానో నాకు వినబడలేదు. ఆమె నా ముఖంలోకి చూసింది, చాలాసేపు. కోపం కాదు. వార్డులో కొత్తగా చేరినవాణ్ణి చూసినట్టు చూసింది. తర్వాత ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్లి, తలుపు దగ్గరగా వేసింది.